మొండి బేరింగ్ దగ్గర తొందరపడకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. వెనక చక్రం చేత్తో తిప్పుతుంటే తిరగలి చప్పుడు వస్తోంది, పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోంది. యాక్సిల్ నట్టు బిగువుగానే ఉందన్నావు కాబట్టి పోయింది బేరింగే. మార్చెయ్. కానీ ఆదివారం పొద్దున్నే సుత్తి పట్టుకుని కూర్చునే ముందు ఇది చదువు.

మీ నాన్న బండి యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు. ఆ మోడల్ తయారీ 1996లోనే ఆగిపోయింది. బేరింగ్ ఏ షాపులోనైనా దొరుకుతుంది, బేరింగులు కూర్చునే చక్రం నడిబొడ్డు, అదే హబ్బు, దెబ్బ తిననిది మాత్రం దొరకదు. ఈ పనిలో ఎప్పుడు అనుమానం వచ్చినా హబ్బు వైపే ఉండు, బేరింగ్ ముక్కలైనా ఫర్వాలేదు. నేను కుర్రతనంలో నా బండికి వేడి చెయ్యకుండా, ఒకే పక్కన ఎడాపెడా కొట్టాను. బేరింగ్ వంకరగా ఇరుక్కుని అల్యూమినియంని చీల్చింది. ఇంకో హబ్బు కోసం విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను గుట్టలన్నీ తిరిగాను, మూడు ఆదివారాలు పోయాయి.

ముందు బ్రేక్ ప్లేటు తీసి పక్కన పెట్టు, బ్రేక్ షూలకి గ్రీజు చెయ్యి తగలనివ్వకు. ఆయిల్ సీల్‌ని వెడల్పు స్క్రూడ్రైవర్‌తో ఎత్తెయ్, ఎలాగూ కొత్తది వేస్తాం. సీల్ తీశాక గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడు. కొన్ని బళ్లకి అక్కడ బేరింగ్ బయటికి రాకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు, అదే సర్‌క్లిప్, ఉంటుంది, మట్టీ గ్రీజూ పట్టి కనపడదు. దాన్ని తియ్యకుండా సాయంత్రం దాకా కొట్టినవాళ్లని చూశాను.

ఇక అసలు పని. రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది, స్పేసర్ అంటారు. కడ్డీ పెట్టి కొడదామంటే అదే అడ్డం. లోపలికి స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని ఒక పక్కకి నెట్టు, అవతలి బేరింగ్ లోపలి రేసు (అంటే లోపలి ఉక్కు రింగు) అంచు గోరు మందం కనపడుతుంది. కడ్డీ కొస ఆనించాల్సింది అక్కడే. కొస గుండ్రంగా అరిగి ఉంటే జారుతుంది, ఆకురాయితో పదునుగా చదును చేసుకో. ఒక పక్క నుంచి స్పేసర్ కదలకపోతే చక్రం తిప్పి రెండో పక్క నుంచి ప్రయత్నించు.

కొట్టే ముందు వేడి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, అంటే హబ్బు వేడెక్కితే బేరింగ్ మీద పట్టు తనంతట తనే వదులుతుంది. హీట్ గన్ ఉంటే హబ్బు చుట్టూ తిప్పుతూ వేడి చెయ్, నీటి చుక్క వేస్తే చుయ్‌మనాలి, అంతకు మించి అక్కర్లేదు. హీట్ గన్ లేకపోతే హబ్బుకి పాత తువ్వాలు చుట్టి మరిగే నీళ్లు నెమ్మదిగా పొయ్యి. చక్రాన్ని రెండు చెక్క దిమ్మల మీద పెట్టు, బరువు రిమ్ము మీద కాకుండా హబ్బు మీద ఆనాలి. ఇక్కడొక దెబ్బ, ఎదురుగా ఒక దెబ్బ, అలా చుట్టూ తిరుగుతూ కొట్టు. చల్లారితే మళ్లీ వేడి చెయ్. మొదటిది ఊడితే స్పేసర్ దానంతటదే జారి వస్తుంది, రెండోది సులువు.

అంచు దొరక్కపోతే గోడకి గీజర్ బిగించే యాంకర్ బోల్టు తెచ్చుకో. బేరింగ్ రంధ్రంలో పట్టే సైజు చూసి దూర్చి బిగిస్తే లోపల విచ్చుకుని రేసుని పట్టేస్తుంది, అవతలి పక్క నుంచి దాన్ని కొట్టొచ్చు. లోపలి రేసు ఊడొచ్చి బయటి రింగు హబ్బులోనే ఉండిపోతే దాన్ని గ్రైండర్‌తో కొయ్యకు. వెల్డింగ్ షాపులో ఆ రింగు లోపలి గాడి వెంట ఒక వరస వెల్డింగ్ పెట్టించు, చల్లారేటప్పుడు ముడుచుకుని చిన్న దెబ్బకే ఊడిపోతుంది.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది నంబరు చదువు. 6302 అని ఉంటే రంధ్రం 15, బయటి వ్యాసం 42, మందం 13 మిల్లీమీటర్లు. పక్కన 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు, మన వానలకీ బురదకీ అదే తీసుకో. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, డీలర్ దగ్గర బిల్లు రాయించుకునే కొను.

బిగించేటప్పుడు కొత్త బేరింగ్‌ని కవర్లో చుట్టి గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టు (మా అక్కని, అదే మీ అమ్మని అడిగి పెట్టు, పోయినసారి గొడవైంది). హబ్బు లోపల శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, వేడి చెయ్. దెబ్బ ఎప్పుడూ బయటి రింగు మీదే పడాలి. లోపలి రేసు మీద కొడితే గుండ్లు గాడిలో నొక్కులు పెడతాయి, కొత్త బేరింగ్ మొదటి రోజే పోయినట్టు. బేరింగ్ అడుక్కి ఆనగానే టక్ టక్ అనే చప్పుడు గట్టిగా ఠంగుమని మారుతుంది, అప్పుడు ఆపు. తరవాత స్పేసర్. ఇది మర్చిపోతే యాక్సిల్ బిగించగానే రెండు బేరింగులూ నలిగిపోతాయి. రెండోదాన్ని స్పేసర్‌కి తగిలేదాకా దింపు, ఆ మీద ఒక్క దెబ్బ కూడా వద్దు. వేలు పెట్టి లోపలి రేసు తిప్పితే హాయిగా తిరగాలి.

బేరింగ్ చేత్తో నెడితే దిగిపోయేంత వదులుగా ఉంటే మాత్రం ఆగి నాకు ఫోన్ చెయ్. హబ్బు అరిగిపోయిందన్నమాట, లేత్‌లో బుష్, అంటే లోపల లోహపు తొడుగు, వేయించాలి. పంచ్‌తో చుక్కలు పొడిచి సర్దుదామని ఎవరైనా అంటే వినకు, నెల కూడా ఆగదు.

పాత బేరింగులు పారెయ్యకు. బయటి అంచు కాస్త గ్రైండ్ చేస్తే కొత్తవాటిని దింపడానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు. రెండోది నాకు పంపు, నాది మొన్న ఎవడో పట్టుకుపోయాడు.

మీ మామయ్య