బాగానే పనిచేస్తున్న పవర్‌బ్యాంక్‌ను పక్కన పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి 2019లో అమెరికాలో యాంకర్ పవర్‌బ్యాంక్ కొని తెచ్చాడు. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది, వేడి కూడా ఎక్కడం లేదు. కంపెనీ దాన్ని రీకాల్ చేసిందంటున్నారు, అంటే లోపముందని వెనక్కి పిలిచిందట. వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు వాడకం ఆపి, అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న మోడల్ నంబరు చూడండి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. ఏ1263 అని ఉంటే అది ‘పవర్‌కోర్ 10000’. 2016 జూన్ నుంచి 2022 డిసెంబరు దాకా అమెరికాలో అమ్మిన ఈ రకాన్ని, దాదాపు 11.58 లక్షలు, 2025 జూన్‌లో రీకాల్ చేశారు. మంటలు, పేలుళ్ల మీద అప్పటికి 19 ఫిర్యాదులు వచ్చాయి. అదే నెలలో మరికొన్ని మోడళ్లూ జాబితాలో చేరాయి. కాబట్టి వేరే నంబరున్నా కంపెనీ రీకాల్ పేజీలో సీరియల్ నంబరు కొట్టి చూడాల్సిందే.

వేడెక్కడం లేదు కదా అని ధీమా వద్దు. లిథియం సెల్‌లో రెండు ధ్రువాల మధ్య వెంట్రుక కన్నా పల్చటి పొర ఉంటుంది. తయారీలో లోహపు రజను మిగిలినా, అంచు వంగినా ఆ పొర ఏళ్ల తర్వాతైనా తెగొచ్చు. తెగితే లోపలే షార్ట్ అవుతుంది, ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లకు బదులు మార్చి ఇచ్చిన ఫోన్లలోని బ్యాటరీలూ అంటుకున్నాయి. వాటిలో లోపం వెల్డింగ్ దగ్గర మిగిలిన మొనలది.

నంబరు కలిస్తే తొందరపడి పారేయకండి. పవర్‌బ్యాంక్ మీద చెరగని మార్కర్‌తో పేరు, తేదీ, ఇంగ్లిషులో ‘రీకాల్డ్’ అని రాసి, మోడల్, సీరియల్ నంబర్లు కనబడేలా ఫొటోలు తీసి అబ్బాయికి పంపండి. అమెరికా రీకాల్ కింద 30 డాలర్ల గిఫ్ట్ కార్డు గానీ కొత్త పవర్‌బ్యాంక్ గానీ ఇస్తామన్నారు, దరఖాస్తు అతనే పెట్టుకోవచ్చు. వస్తువును మాత్రం విమానంలోనో కొరియర్‌లోనో పంపొద్దు. లిథియం బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రానికి ఫోన్ చేసి, రీకాల్ అయినదని చెప్పి ఇవ్వండి. అందాకా ఇనప బకెట్లో పొడి ఇసుక మధ్య పెట్టి, ఎండ తగలని చోట, గ్యాస్ సిలిండర్‌కు, కర్టెన్లకు దూరంగా ఉంచండి. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తే నలిగి అంటుకోవచ్చు.

ప్రశ్న: నా ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. రీకాల్ ఏమీ లేదట. సూదితో గుచ్చి గాలి తీసేస్తే సరిపోతుందని రిపేరు షాపులో అన్నారు. నిజమా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ షాపుకి మళ్లీ వెళ్లకండి. లోపలిది గాలి కాదు, ఎలక్ట్రోలైట్ (బ్యాటరీ లోపలి రసాయన ద్రవం) విడిపోగా వచ్చిన వాయువు. మండే గుణం ఉన్నది. సూది దిగితే పొర తెగి అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. ఛార్జర్ తీసి, ఫోన్ ఆపి, మూత నొక్కకుండా అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీ మార్చడానికి రీకాల్ కోసం ఎదురుచూడక్కర్లేదు. వారంటీ ఉండీ కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రమాదకరమైన వస్తువులను రీకాల్ చేయించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఫోన్ ఇచ్చే ముందే ఉబ్బు కనబడేలా ఫొటో తీసుకుని, బిల్లుతో పాటు దాచుకోండి.