బ్లాగుల వల్ల భావప్రకటనా స్వేచ్ఛ నిజంగా పెరిగిందా?

పెరిగిందనే చెప్పాలి, అయితే అందరికీ ఒకే మేరకు కాదు. సంపాదకుడి ఆమోదం కోసం ఎదురుచూడకుండా రాసినది వెంటనే పాఠకుడికి చేరడం, అతడు అక్కడికక్కడే వ్యాఖ్యతో బదులివ్వగలగడం బ్లాగు తెచ్చిన అసలు మార్పు. తెలుగులో దీనికి, వేర్వేరు కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు సరిగా కనిపించేలా చేసే ప్రామాణిక పద్ధతి యూనికోడ్‌తో పాటు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపిగా మార్చే ‘లేఖిని’, కొత్త టపాలను (బ్లాగు రచనలను) ఒకేచోట చూపిన ‘కూడలి’ వంటి సాధనాలు దారి వేశాయి. వంటలు, ఛందస్సు, ఊరి జ్ఞాపకాలు, రాజకీయ వాదాలు అన్నీ అక్కడ కలిశాయి. విదేశాల్లో తెలుగు రాసే అలవాటు తప్పినవారి చేత బ్లాగు మళ్లీ కలం పట్టించింది (కలం అనడం అలవాటు కొద్దీ, నిజానికి కీబోర్డే).

చట్టపరంగా, భావప్రకటనా స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం బ్లాగరుకూ వర్తిస్తుంది. చికాకు కలిగించే సందేశానికి సైతం మూడేళ్ల వరకు జైలుశిక్షకు వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను, అందులోని పదాలు అస్పష్టంగా ఉన్నాయని, వాక్‌స్వాతంత్ర్యానికి భంగకరమని సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టివేసింది. పరువునష్టం కేసు మాత్రం ఇప్పటికీ పెట్టవచ్చు. అప్పుడు విలేకరికి సాధారణంగా యాజమాన్యం అండగా ఉంటుంది, బ్లాగరు సొంత ఖర్చుతో కోర్టు చుట్టూ తిరగాలి.