శరమా, బాణమా, అమ్మా?

సందేహం: క్రీడాసామగ్రి అమ్మే మిత్రుని కోసం, క్రాస్‌బో (తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే విల్లు) బాణాల గురించిన ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. “క్రాస్‌బోకు ఖచ్చితత్వం మరియు మన్నిక కలిగిన కర్బన శరములను ఎంచుకొనుట ఎలా?” అని శీర్షిక పెట్టాను. శరం, బాణం, అమ్ము – వీటిలో ఏది సరైనది? ‘స్పైన్’ అన్న మాటకు ‘వెన్నెముక’ అనీ, ‘హాఫ్‌మూన్ నాక్’ ఉన్న దానికి ‘అర్ధచంద్ర బాణం’ అనీ రాయవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: అర్జునుడు తపస్సు చేసిన చోటని మనం చెప్పుకునే ఇంద్రకీలాద్రి నీడన ఉన్న ఊరి నుంచి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ ఊరి నుంచి, ఈ ప్రశ్న రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. విలువిద్య నేర్చే పిల్లలు అక్కడ ఉన్నప్పుడు విలువిద్య మాటలు కూడా అక్కడ బతకాలి.

ముందుగా శరం సంగతి. ఈ మాటకు మొదటి అర్థం బాణం కాదు, రెల్లు జాతి గడ్డి. కుమారస్వామిని శరవణభవుడని అనడం ఆయన రెల్లువనంలో పుట్టాడనే. తేలికగా, నిటారుగా పెరిగే ఆ కాడను కోసి, కొనకు ములికి, వెనుక ఈకలు అమర్చి ఎక్కుపెట్టిన కాలంలో గడ్డి పేరే ఆయుధం పేరయింది. తరువాత కోలను ఇనుముతో చేసినా శరం శరంగానే నిలిచింది. ఇనుప బాణానికి మాత్రం నారాచమని వేరే పేరు కూడా పుట్టింది. కనుక ‘కర్బన శరం’ అంటే వ్యుత్పత్తిని బట్టి ‘బొగ్గు రెల్లు’ అవుతుందని ఎవరైనా ఆక్షేపిస్తే నేను ఒప్పుకోను. మాట పుట్టిన చోటే పాతుకుపోవాలన్న నియమం లేదు. పైగా కార్బన్ పోగులను జిగురుపదార్థంతో బిగించి చేసే ఈ బోలు గొట్టంలో మనిషి వెతుకుతున్నది, ఒకనాడు రెల్లుకాడలో వెతికిన తేలికదనాన్నీ నిటారుతనాన్నీ కదా!

సంస్కృత నిఘంటువైన అమరకోశంలో అమరసింహుడు బాణానికి ఇచ్చిన పర్యాయపదాలను చూడండి: “పృషత్క బాణ విశిఖా అజిహ్మగ ఖగాశుగాః”. వీటిలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది అజిహ్మగం. జిహ్మమంటే వంకర. వంకరగా పోయేది కనుక పాముకు జిహ్మగమని పేరు. అదే కోశంలో పాము పేర్ల మధ్య ఆ మాట కనిపిస్తుంది. పాములా పోనిది, అంటే వంకర లేకుండా పోయేది, అజిహ్మగం. మీ కరపత్రంలో .001, .003, .006 అని అంగుళాల లెక్కలో ఉండే అంకెలు ఈ గుణాన్ని కొలిచేవే: కోల నిటారు నుంచి ఎంత తప్పిందో అవి చెబుతాయి, అంకె ఎంత చిన్నదైతే కోల అంత నిటారు. .006 కంటె .003 మేలు, .001 ఇంకా మేలు, ధర కూడా ఆ క్రమంలోనే పెరుగుతుంది. ఆ వరుసకు మీరు ‘సరళత్వం’ అని పేరు పెట్టారేమో. సరళమంటే నేటి పాఠకుడికి ‘సులభం’ అనే తోస్తుంది. ‘నిటారుతనం’ అనండి.

విశిఖాన్ని పోతన వాడిన తీరు చెప్పకుండా ముందుకు పోలేను. భీష్ముడు తాను కురిపించిన బాణాల వానను తలచుకొని, “మద్విశిఖ వృష్టిఁ దెరలి చనుదెంచు దేవుండు దిక్కు నాకు” అంటాడు. అక్కడ ‘శరవృష్టి’ అన్నా అర్థానికి లోటు లేదు, కాని ఆ ఖకారపు ఒరిపిడి ఉండదు. కవికి ఇన్ని మాటలు అవసరమయ్యేది అందుకే. కరపత్రానికి అవసరం లేదు.

అమ్ము అచ్చతెనుగు. తమిళ కన్నడాల్లోని అంబు దీనికి తోబుట్టువు. సమాసంలో ‘అంప’ అవుతుంది కనుకనే అంపకోల, అంపపొది, అంపశయ్య. పెళ్లింటి అంపకాలకూ దీనికీ చుట్టరికం లేదు, అది ‘పంపు’ అన్న అర్థంలోని వేరే ధాతువు. బాణానికే మరో తెలుగు మాట తూపు, అది విరితూపై (పూలబాణమై) మన్మథుడి దగ్గర స్థిరపడింది.

ఇక మీ అనువాదంలో నన్ను నొప్పించినవి. ‘స్పైన్’కు మామూలు అర్థం వెన్నెముకే కావచ్చు, బాణాల వర్తకంలో మాత్రం కోల ఎంతమేరకు వంగకుండా నిలుస్తుందో చెప్పే కొలత అది. మనకు ‘బిరుసు’ అన్న చక్కని మాట ఉండగా కొనేవాడికి ఎముకలు చూపించడం ఎందుకు? వింటి బలానికి తగిన బిరుసు లేని కోల వదిలిన వెంటనే ఊగిసలాడి గురి తప్పుతుంది.

‘అర్ధచంద్ర బాణం’ ఇంకా పెద్ద పొరపాటు. పురాణాల్లోని అర్ధచంద్ర బాణానికి నెలవంక ఆకారం ములికిలో ఉంటుంది, శత్రువు తల తెంచడానికి. మీరు చెప్పేదానికి ఆ ఆకారం తోకలో ఉంది, అల్లెతాడు ఆనే చోట. బాణపు ఆ చివరను సంస్కృతంలో పుంఖమంటారు. ఒక బాణపు పుంఖం వెంటే మరొకటి వచ్చినట్టు అన్నదే పుంఖానుపుంఖం. తెలుగులో పింజ. తాడు ఆనే ఆ ‘నాక్’ను గంటు అనండి. ‘నెలవంక గంటు’, ‘చదును గంటు’ అని రాసి, వింటి తయారీదారు చెప్పిన రకమే వాడాలని తప్పక చేర్చండి. గంటు పొందకపోతే తాడు బాణం మీదుగానో కిందుగానో జారిపోతుంది, అది ప్రమాదం. పొడవుకూ ఇదే నియమం. 20, 22 అంగుళాలవి ఎక్కువగా దొరుకుతాయి గాని, విల్లు ఏది కోరితే అదే కొనాలి. బరువు కొలిచే ‘గ్రెయిన్’ను అలాగే ఉంచండి. అదీ ఒకనాటి బార్లీగింజ ఎత్తే, మన గురివిందగింజ ఎత్తు లాంటిది. అయినా ప్రమాణం పేరును అనువదిస్తే లెక్క తప్పుతుంది. 400 గ్రెయిన్లంటే దాదాపు 26 గ్రాములని పక్కన రాస్తే చాలు. తయారీదారు చెప్పిన కనీస బరువుకు తగ్గిన బాణం వేస్తే, అది తీసుకోని బలమంతా తిరిగి వింటిబద్దలనూ తాడునూ దెబ్బతీస్తుంది.

మన్నిక మంచి మాట. చాలాకాలం నిలుచు అనే అర్థంలోని ‘మన్ను’ ధాతువు నుంచి వచ్చింది. కాని కార్బన్ కోల మన్నిక తీరు వేరు. అల్యూమినియం కోల వంగి, వంగినట్టే ఉండిపోయి, తాను చెడిన సంగతి చూపిస్తుంది. కార్బన్ కోల నిటారుగా కనిపిస్తూనే లోపల చిట్లి ఉండవచ్చు. వేసిన ప్రతిసారీ రెండు చివరలూ పట్టుకొని మెల్లగా వంచి, చీలిక కనిపిస్తుందేమో, చిటపట వినిపిస్తుందేమో చూడాలి. అనుమానం వస్తే పారవేయాలి. ఇది మీ కరపత్రంలో పెద్ద అక్షరాలలో ఉండదగిన విషయం.

‘ఖచ్చితత్వం’లో ఖకారానికి ఆధారం నాకు కనబడదు, సంస్కృత ఖచితానికి పొదిగినదని అర్థం, రత్నఖచితంలో లాగా. కచ్చితమనే నేను రాస్తాను, దానికి ‘త్వం’ తగిలించను. ‘గురి’ ఉండగా అదీ అక్కరలేదు. రెండు మాటల నడుమ ‘మరియు’ తెలుగు వాక్యానికి పరాయిది. ‘గురీ మన్నికా’ అంటే రెండిటినీ కలిపే అర్థం (సముచ్చయం) దానంతట అదే వస్తుంది.

శరం తప్పు కాదు, అయితే వాడుకలో అది ‘శరవేగంగా పనులు’ అన్న పత్రికల మాటలోనే మిగిలింది. అంగడిలో బాణమే చెల్లుతుంది. గొట్టాన్ని మాత్రమే చెప్పవలసినచోట కోల అనండి. అమ్ము రాస్తే నా మనస్సు సంతోషిస్తుంది గాని, ‘కార్బన్ అమ్ము’ అని చదివినవాడు దాన్ని అమ్మకమనుకునే అవకాశం ఉంది కనుక పట్టుబట్టను. శీర్షిక ఇలా ఉండవచ్చు: “క్రాస్‌బోకు గురీ మన్నికా గల కార్బన్ బాణాలు – ఎంచుకోవడం ఎలా?”