తలుపు కిర్రుమంటే వెంటనే చిత్రిక పట్టించేయకు

తల్లీ,

పిల్లాడు కళ్లు మూశాడో లేదో ఆ పడగ్గది తలుపు కిర్రుమని, వాడు ఉలిక్కిపడి లేచి మళ్లీ గంటసేపు ఏడుస్తున్నాడని చదివాక నా మనసు ఊరుకోలేదు. వడ్రంగి చిత్రిక పట్టేస్తానన్నాడని, అల్లుడుగారు సరేనన్నారని రాశావు. అది మటుకు ఇప్పుడు వద్దు. శ్రావణమాసంలో, అదీ మన పర్లాకిమిడి వానల్లో తలుపు చెక్కించుకోకూడదు.

ముందు చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకో. ఫ్యాను ఆపేసి, ఒక చేత్తో తలుపు నెమ్మదిగా తీస్తూ రెండో చెయ్యి ఒక్కో బందు (కీలు) మీద పెట్టి చూడు, అరిచే బందు వేళ్లకి జివ్వుమని తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో అది పై బందే అవుతుంది, తలుపు బరువంతా దాన్నే బయటికి లాగుతుంది మరి. బందులు అదరకుండా గరగరమంటుంటే చెక్క గడపకో ద్వారబంధానికో రాసుకుంటోందన్నమాట. గాలికి టకటకమంటే తలుపు వదులుగా ఆనుతోందని. పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కత్తిరించి తలుపు ఆనే చోట అంటించు, సరిపోతుంది.

బందే అయితే కొబ్బరినూనె పొయ్యకు. అందరూ మొదట చేసే పని అదే, కానీ 24 డిగ్రీల కిందకి వచ్చిందంటే కొబ్బరినూనె గడ్డకడుతుంది, మార్గశిరం రాత్రులు మన దగ్గర అంతకన్నా చల్లగానే ఉంటాయి. మిగతా వంటనూనెలు దుమ్ము పట్టి జిగురైపోతాయి. కుట్టుమిషను నూనె చిన్న సీసా తెప్పించు, కొంచెం గ్రీజు కూడా. పిన్ను ఊడివచ్చే రకం బందు అయితే తలుపు కింద చెక్కముక్క దూర్చి బరువు దాని మీద ఆన్చి, అడుగు నుంచి మేకు పెట్టి మెల్లగా పైకి తట్టాలి, ఒకసారికి ఒక్క పిన్నే సుమా. తీసి చూడు, నల్లటి జిడ్డు, తుప్పు, ఎప్పుడో వేసిన రంగు పెచ్చులు దానికి చుట్టుకుని ఉంటాయి. ఉప్పుకాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి, గ్రీజు పల్చగా రాసి దించెయ్యి. ఊడని రకమైతే తలుపు ఆడిస్తూ పైనుంచి చుక్క చుక్కగా నూనె వేసి, కారే మురికి నల్లగా రావడం మానేదాకా తుడుస్తూ ఉండాలి. డబ్ల్యూడీ-40 స్ప్రే తుప్పు వదిలించడానికి బాగానే పనికొస్తుంది, కానీ ఎక్కువకాలం నిలవదు, తర్వాత నూనో గ్రీజో వెయ్యాల్సిందే. అది కొట్టేటప్పుడు పిల్లాణ్ణి ఆ గదిలో ఉంచకు.

నూనె వేసినా ఆగలేదంటే స్క్రూలు చూడు. ఆ తలుపు గుగ్గిలం కర్రది, బాగా బరువు, కన్నాలు అరిగిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంటుంది. అగ్గిపుల్లల మందు తీసేసి ఫెవికాల్‌లో ముంచి ఆ కన్నంలో బిగుతుగా కుక్కి, మర్నాటిదాకా ముట్టుకోకుండా వదిలి, పైకొచ్చిన ముక్కలు బ్లేడుతో కోసేసి, స్క్రూకి సబ్బు రాసి బిగించండి. స్క్రూని సుత్తితో కొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, చెక్క చీలిందంటే ఆ చోటు మరి ఎందుకూ పనికిరాదు. చాలామంది తలుపు ఉబ్బిందనుకుంటారు గానీ నిజానికి పై బందు వదులై వాలిపోయి ఉంటుంది. గొళ్లెం వైపు కింది మూల గడపకి గీసుకుంటుంటే అదే సంగతి, దానికి చిత్రిక అక్కర్లేదు.

పెరటివైపు పాత తలుపుందే, బందులు లేకుండా కొయ్యమొన గుంటలో తిరిగేది, దానికి నూనె వద్దు. కొవ్వొత్తి రుద్దు, లేకపోతే పెన్సిలు ముల్లు పొడి చేసి వెయ్యి.

చిత్రిక ఇప్పుడు ఎందుకొద్దంటున్నానంటే, కర్ర తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు పెరగదు. అందుకే వానల్లో పక్క అంచులు పట్టేస్తాయి, ఎండలకి మళ్లీ సన్నబడతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మా వీధిలో తలుపులన్నీ బిగుసుకుపోతే కొందరు ఆ వారమే చెక్కించేశారు, వేసవి వచ్చేసరికి వేలు దూరేంత సందులు, దోమలు, బల్లులు. ఇప్పటికి అంచుకి సుద్ద రాసి తలుపు మూసి తెరువు, సుద్ద చెరిగిన చోట కొవ్వొత్తి గట్టిగా రుద్దు. ఈ వానాకాలం గడిచిపోతుంది.

ఫాల్గుణంలో కర్ర ఆరాక నేను గుణుపురం నుంచి వస్తాను, అప్పటికీ రాసుకుంటుంటే నా ఎదురుగా చిత్రిక పట్టిద్దాం. చెక్కిన అంచుకే కాదు, తలుపు అడుక్కీ నెత్తికీ కూడా రంగు వేయించాలి, కంటికి కనబడవని వాటిని వదిలేస్తారు గానీ తేమ ఎక్కువ పీల్చేది అక్కడే. ఈ లోపు పై బందు ఫోటో దగ్గరగా తీసి పంపు, పిన్ను ఊడేదో కాదో చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ