టెక్ సందేహాలు: పవర్ ఇస్తే పలకని బోర్డు

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ. కొత్తగా వచ్చిన ఒక కార్టెక్స్-ఏ7 ప్రాసెసర్‌తో సొంత బోర్డు చేయించాం. చిప్ కంపెనీ ఇచ్చిన పాత యూ-బూట్ (పవర్ ఇచ్చాక లినక్స్‌ను లేపే బూట్‌లోడర్ ప్రోగ్రామ్) వాళ్ల డెమో బోర్డు మీద బాగానే నడుస్తోంది. మా బోర్డు మీద మాత్రం సీరియల్ కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ తెరపై ఒక్క అక్షరం రావడం లేదు. ఇప్పటి యూ-బూట్ సోర్స్‌లో వెతికితే ఈ చిప్ పేరే లేదు. సపోర్ట్ మేమే రాసుకోవాలట. ఎక్కడ మొదలుపెట్టాలి? మా సార్ వారం టైమిచ్చారు. - ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: ముందు ఆ వారం సంగతి సార్‌తో ఇంకోసారి మాట్లాడుకోండి. మొదటి అక్షరం రావడానికే వారం పట్టిన బోర్డులు నేను చూశాను. అది వచ్చాక మిగతా పని మీరు భయపడుతున్నంత పెద్దదేం కాదు.

పవర్ ఇవ్వగానే ప్రాసెసర్ నేరుగా మీ కోడ్ దగ్గరికి రాదు. చిప్ తయారీలోనే లోపల పెట్టేసిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి ముందు నడుస్తుంది. దాన్ని బూట్ రోమ్ అంటారు. బూట్ పిన్నులు ఎలా కట్టి ఉన్నాయో చూసి, ఎస్‌డీ కార్డా, ఈఎంఎంసీనా, ఎస్‌పీఐ ఫ్లాషా అని తేల్చుకుని, అక్కడి నుంచి ఓ ముక్క కోడ్ తెస్తుంది. తెచ్చి ఎక్కడ పెట్టాలి? బోర్డు మీది పెద్ద మెమరీ, అంటే డీర్యామ్, అప్పటికింకా లేవలేదు. మీరు ఏ మెమరీ చిప్ వేశారో, దాని టైమింగులేమిటో బూట్ రోమ్‌కు తెలిసే దారే లేదు. ఉన్నదల్లా చిప్ లోపలి చిన్న మెమరీ, ఎస్‌ర్యామ్. చాలా చిప్పుల్లో అది కొన్ని పదుల నుంచి కొన్ని వందల కేబీలు. యూ-బూట్ మొత్తం అందులో పట్టదు. డీర్యామ్‌ను లేపాలంటే కోడ్ కావాలి, కోడ్ పెట్టాలంటే డీర్యామ్ కావాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ పేచీ తీర్చడానికే యూ-బూట్‌లో ఎస్‌పీఎల్ అనే చిన్న భాగం విడిగా తయారవుతుంది. ఇల్లు మారేటప్పుడు సామాన్ల లారీ కంటే ముందే తాళంచెవి పట్టుకుని ఒకరు స్కూటర్ మీద వెళ్లి, గేటు తీసి, మెయిన్ ఆన్ చేసి, మోటార్ వేసి పెడతారు చూడండి, ఎస్‌పీఎల్ పని అదే. చిప్ భాగాల వేగం నిర్ణయించే క్లాకులు సర్ది, డీర్యామ్ లేపి, అసలు యూ-బూట్‌ను అందులోకి తెచ్చి పక్కకు తప్పుకుంటుంది. లినక్స్ కెర్నల్‌నూ, బోర్డు మీద ఏమేం ఉన్నాయో చెప్పే డివైస్ ట్రీనీ తెచ్చుకోవడం ఆ తర్వాత అసలు యూ-బూట్ చూసుకుంటుంది.

కాబట్టి ముందు అనుమానించాల్సింది యూ-బూట్‌ను కాదు. బూట్ రోమ్ అసలు మీ ఫైలు తీసుకుందా లేదా అన్నది తేల్చుకోండి. ఈ విషయంలో ఒక్కో చిప్ కంపెనీది ఒక్కో పట్టింపు. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఉండే టీఐ ఏఎం335ఎక్స్ ఎస్‌డీ కార్డు ఫ్యాట్ పార్టిషన్‌లో ఎంఎల్ఓ అన్న పేరుతో ఫైలు వెతుకుతుంది. ఆల్‌విన్నర్ చిప్పులు కార్డు మొదటి నుంచి 8 కేబీ దగ్గర, చెక్‌సమ్ ఉన్న హెడర్ కోసం చూస్తాయి. రాక్‌చిప్‌వి 64వ సెక్టార్‌లో, అంటే 32 కేబీ దగ్గర చూస్తాయి. ఒక్క సెక్టార్ అటూ ఇటూ అయితే బూట్ రోమ్ ఏ ఎర్రరూ చూపించదు, ఊరికే కూర్చుంటుంది. మీ చిప్ మాన్యువల్‌లో బూట్ అధ్యాయం విసుగొచ్చినా రెండుసార్లు చదవండి. ఏఎం335ఎక్స్ కొంచెం నయం. కార్డులో ఏమీ దొరక్క సీరియల్ బూట్ దాకా వచ్చిందంటే, తెర మీద వరసగా సీ, సీ, సీ అని అక్షరాలు వేస్తూ ఎక్స్‌మోడెమ్ అనే పద్ధతిలో సీరియల్ కేబుల్ మీదే ఫైలు పంపమని ఎదురుచూస్తుంది. అది చూసి బోర్డు పోయిందని నాకు ఫోన్ చేసిన వాళ్లున్నారు. బోర్డు బతికుంది కాబట్టే ఆ సీలు వస్తున్నాయి.

ఇక సీరియల్ కేబుల్. నవ్వకండి, రెండు రోజుల పని దీని దగ్గరే పోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొనే యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ల మీద 3.3 వోల్టులకూ 5 వోల్టులకూ జంపర్ ఉంటుంది. అది 5 మీద ఉండిపోతే చిప్ పిన్నే కాలిపోవచ్చు. పంపే టీఎక్స్ వైరు అవతలి వైపు అందుకునే ఆర్ఎక్స్‌కు వెళ్లిందో లేదో చూడండి. తర్వాత స్పీడు. అందరూ అలవాటుగా 1,15,200 పెడతారు, కానీ చాలా రాక్‌చిప్ బోర్డులు 15,00,000 స్పీడుతో మాట్లాడతాయి. సీపీ2102 చిప్ ఉన్న అడాప్టర్ 10 లక్షలు దాటదు. దానితో ఎన్ని గంటలు కూర్చున్నా చెత్త అక్షరాలే కనిపిస్తాయి.

కేబుల్ సరిగ్గా ఉందని తేలాక, ఎస్‌పీఎల్ మొదట్లోనే ఒక జీపీఐఓ పిన్ను (కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగల పిన్ను) ఎత్తి ఎల్ఈడీ వెలిగించండి. వెలిగిందంటే బూట్ రోమ్ మీ కోడ్‌లోకి దూకినట్టే. తర్వాత యూ-బూట్‌లో డీబగ్ యూఆర్ట్ అన్న ఆప్షన్ ఆన్ చేయండి. దీనికి డ్రైవర్ల హంగామా అక్కర్లేదు, సీరియల్ పోర్ట్ అడ్రసూ దానికొచ్చే క్లాకూ చెబితే చాలు. ఎస్‌పీఎల్‌లో అడుగుపెట్టగానే ఏ, క్లాకులు అయ్యాక బీ, డీర్యామ్ మొదలయ్యే ముందు సీ, అయ్యాక డీ అని ఒక్కో అక్షరం వేయించండి. ఏ, బీ, సీ వచ్చి డీ రాకుండా ఆగితే తప్పు ఏ వందలైన్లలో ఉందో తెలిసిపోతుంది. ఏ బాగా వచ్చి బీ దగ్గర చెత్త వచ్చిందా? కంగారు పడకండి. క్లాకు వేగాన్ని పెంచే పీఎల్ఎల్ మారడంతో సీరియల్ పోర్ట్‌కొచ్చే క్లాకూ మారింది, దాన్ని సీరియల్ స్పీడుకు తగ్గించే డివైడర్ మళ్లీ లెక్కకట్టాలి. అంటే పీఎల్ఎల్ పనిచేస్తోంది. నా లెక్కలో ఇది శుభవార్త.

కోడ్ ఎంత రాయాలన్నది మీ అసలు టెన్షన్ అనుకుంటా. కార్టెక్స్-ఏ7 అంటే ఆర్మ్ వీ7, దాని స్టార్టప్ కోడ్ యూ-బూట్‌లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ముట్టుకోవద్దు. చిప్ లోపలి బ్లాకులు కూడా అన్నీ కొత్తవి కావు. మాన్యువల్‌లో సీరియల్ పోర్ట్ 16550 అనే పాత, అందరూ వాడే తరహాదని రాసి ఉంటుంది, ఎస్‌డీ కంట్రోలర్ సినాప్సిస్ డిజైన్‌వేర్‌ది అయి ఉంటుంది, ఈథర్నెట్ కూడా ఏదో తెలిసిన డిజైనే అయి ఉంటుంది. వాటి డ్రైవర్లు ఉన్నవే, డివైస్ ట్రీలో అడ్రసులు రాస్తే లేస్తాయి. నిజంగా మీరు రాయాల్సింది క్లాకులు, పిన్‌మక్స్ (ఏ పిన్ను ఏ పనికన్నది), రీసెట్, డీర్యామ్. మీ చిప్‌కు దగ్గరి చుట్టం లాంటి చిప్ ఏదో చూసి, దాని మాక్ ఫోల్డర్ (చిప్ కోడ్ ఉండేది), బోర్డ్ ఫోల్డర్, డెఫ్‌కాన్ఫిగ్ (ఆ బోర్డుకు ఆన్ చేసే ఆప్షన్ల ఫైలు) కాపీ కొట్టి, అక్కర్లేనివి తీసేస్తూ రండి. చిప్ కంపెనీ ఇచ్చిన పాత సోర్స్‌ను చూసి రాయడానికి వాడుకోండి, దాన్నే కొత్త యూ-బూట్ మీదికి లాక్కురావద్దు. 2014 తర్వాత డ్రైవర్లు రాసే కొత్త పద్ధతి డ్రైవర్ మోడల్, ఆప్షన్లు ఎంచుకునే కేకాన్ఫిగ్ వచ్చి లోపలి అమరికే మారిపోయింది. ఆ పాత కోడ్‌ను అతికించడం కంటే కొత్తగా రాయడమే తక్కువ పని.

డీర్యామ్ దగ్గర మాత్రం కాపీ పనికిరాదు. చాలా ఏళ్ల క్రితం చర్లపల్లి వైపు ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు మా బోర్డు పొద్దున్నంతా బ్రహ్మాండంగా బూట్ అయ్యేది, మధ్యాహ్నం రెండు దాటితే మొరాయించేది. సాఫ్ట్‌వేర్ వాళ్లం హార్డ్‌వేర్ వాళ్లననీ, వాళ్లు మమ్మల్ననీ మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు కరెంటు పోయి ఏసీ ఆగితే పొద్దున పదింటికే బోర్డు పడిపోయింది. ఎవరో ఇంటి నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి మెమరీ చిప్ మీద పట్టారు. అర నిమిషంలో మళ్లీ పడింది. మేము డెమో బోర్డు టైమింగులే దించేశాం. మా బోర్డు మీద మెమరీ దాకా వెళ్లే గీతల పొడవు వేరు. చల్లగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొచ్చింది. టైమింగులు కొత్తగా సర్ది, రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపితే గానీ నమ్మకం కుదరలేదు.

మీరు టెస్ట్ చేసేటప్పుడు ఒక చోట రాసి వెంటనే అక్కడే చదవొద్దు. మెమరీ అసలు లేకపోయినా డేటా గీతల్లో మిగిలిన చార్జి వల్ల రాసిన విలువే తిరిగి రావచ్చు. రెండు చోట్ల రెండు వేర్వేరు విలువలు రాసి, తర్వాత చదవండి. సైజు తేల్చుకోవడానికి మొదటి అడ్రస్‌లో ఒకటి రాసి, 256 ఎంబీ తర్వాత ఇంకొకటి రాయండి. మొదటిది చెరిగిపోయిందంటే మీ దగ్గరున్నది 256 ఎంబీయో, అంతకన్నా తక్కువో, అడ్రస్ చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చింది. తెర మీద డీర్యామ్ సైజు వేసిన వెంటనే బోర్డు ఆగిపోతే కూడా ముందు మెమరీనే పట్టుకోండి. యూ-బూట్ అక్కడే తనను తాను మెమరీ పై చివరికి కాపీ చేసుకుని, కొత్త చోటికి దూకుతుంది. మెమరీ సరిగ్గా లేకపోతే ఆ దూకుడు గోతిలోకే. ఇంకో చిక్కు: ఆ దూకుడుకు ముందు నడిచే కోడ్‌లో మామూలు గ్లోబల్ వేరియబుల్స్‌ను నమ్ముకోకూడదు, వాటి చోటు అప్పటికింకా సిద్ధం కాదు. కొత్తవాళ్లు తప్పకుండా ఇక్కడ పడతారు.

సార్‌కు చెప్పాల్సింది ఇంకొకటుంది. యూ-బూట్ జీపీఎల్ లైసెన్స్‌లో ఉంది. బోర్డు అమ్మితే, కొన్నవాళ్లకు మీ మార్పుల సోర్స్ కూడా ఇవ్వాలి. ఎలాగూ ఇవ్వాల్సిందే కాబట్టి శుభ్రం చేసి అసలు ప్రాజెక్టుకే పంపండి. మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, మీ కోడ్ లోపలే ఉంటే అందరి మార్పులతో పాటు అదీ నడుస్తుంది. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ పవర్‌పీసీ చిప్పుల కోసం నడిపిన పీపీసీబూట్, 2002లో యూ-బూట్‌గా పేరు మార్చుకుని ఇన్ని రకాల ప్రాసెసర్లకు పాకింది ఇలా ఒక్కొక్కరూ తమ బోర్డు తెచ్చి కలపబట్టే. ఆయన 2022లో కన్నుమూశారు.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది. బూట్‌లోడర్లు నేర్చుకోవాలని ఉంది. అమీర్‌పేటలో కోర్సుకు ఫీజు కట్టాలా, బోర్డు కొనాలా? - ఒక విద్యార్థిని, ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్

జవాబు: ఇప్పుడే రెండూ వద్దమ్మా. మీ లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ పెట్టుకోండి. అందులో రిస్క్-ఫైవ్ తరహా ప్రాసెసర్‌తో వర్ట్ అనే ఉత్తుత్తి బోర్డు ఉంటుంది. దానికి సరిపడా డెఫ్‌కాన్ఫిగ్ యూ-బూట్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. ముందు ఓపెన్‌ఎస్‌బీఐ అనే తొలిమెట్టు ప్రోగ్రామ్ నడిచి, అది యూ-బూట్‌ను పిలవడం కళ్లారా చూడొచ్చు. జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపించి చూడండి. ఒక్క లోటు: ఎమ్యులేటర్‌లో డీర్యామ్ ముందే లేచి ఉంటుంది, పైన చెప్పిన బాధలేవీ అక్కడ రావు. వాటి కోసం రెండు నెలల తర్వాత బోర్డు కొనండి, ఎస్‌డీ కార్డు నుంచి బూట్ అయ్యేదే కొనండి. ఎంత పాడు చేసినా కార్డు తీసి మళ్లీ రాసుకోవచ్చు.

మీ క్రాస్ రోడ్స్‌కు పేరిచ్చిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసింది. ఆ కాలపు మినీ కంప్యూటర్లు చాలావాటిలో మొదటి కొన్ని ఇన్‌స్ట్రక్షన్లను ముందు ప్యానెల్ స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ చేత్తో ఎక్కించేవారు. ఇప్పుడు బూట్ రోమ్ చేసే పని ఆ వేళ్లది.

ప్రశ్న: నా పాత ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, కస్టమ్ రోమ్ అని బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్ వేస్తానని మా తమ్ముడు అంటున్నాడు. ఒప్పుకోవచ్చా? - ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: మీరు రోజూ వాడే ఫోనే అయితే వద్దనండి. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని ఫొటోలు, చాట్‌లు అన్నీ చెరిగిపోతాయి. ఆ తర్వాత కొన్ని బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. వేరే ఫోన్ ఉండి, ఇది పక్కన పడి ఉంటే చేసుకోనివ్వండి. కస్టమ్ రోమ్ ఉండగా బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. చాలా ఫోన్లు అక్కడే లేవకుండా పోతాయి.