ఏడా, ఎనిమిదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జడ్చర్ల నుంచి ఒక విద్యార్థి: గ్రంథాలయ వారోత్సవాల క్విజ్‌ల 'హారీ పాటర్ ఎన్ని భాగాలు?' అని అడిగిండ్రు. మేం ఏడు అన్నం, పక్క టీమోళ్లు ఎనిమిది అన్నరు. సార్ మాకే మార్కులేసిండు. వాళ్లు ఇంకా ఒప్పుకుంటలేరు. ఎవరిది కరెక్టు?

జవాబు: ఇద్దరిదీ. తప్పంతా ప్రశ్నది. నవలలు ఏడు, 1997 నుంచి 2007 దాకా వచ్చాయి. సినిమాలు ఎనిమిది, 2001 నుంచి 2011 దాకా. ఏడో నవలను రెండు సినిమాలు చేసి 2010లో ఒకటి, 2011లో ఒకటి వదిలారు, అక్కడ లెక్క మారింది. 'భాగాలు' అన్న మాట రెంటికీ అతుకుతుంది. 'ఎన్ని నవలలు?' అని అడిగి ఉంటే లొల్లే లేదు.

ఈ సిరీస్‌లో ఇంతకన్నా లోతైన గుంట ఇంకోటుంది: 'వోల్డ్‌మార్ట్‌కు హోర్‌క్రక్స్‌లు ఎన్ని?' వోల్డ్‌మార్ట్ ఈ కథలో విలన్, హోర్‌క్రక్స్ అంటే చావు రాకుండా ఆత్మ ముక్కను దాచుకునే చోటు. తన ఆత్మను ఏడు ముక్కలు చేయాలన్నది వాడి పంతం. ఒక ముక్క ఒంట్లోనే ఉంటుంది కాబట్టి బయట దాచాల్సినవి ఆరు. వాడికి తెలియకుండానే ఇంకో ముక్క హారీలో చేరింది. డైరీ, ఉంగరం, లాకెట్, కప్పు, కిరీటం, పాము, హారీ. వేళ్ల మీద లెక్కపెడితే ఏడు. కాబట్టి 'ఎన్ని చేయాలనుకున్నాడు?' అంటే ఆరు, 'చివరికి ఎన్ని అయ్యాయి?' అంటే ఏడు, 'ఆత్మ ఎన్ని ముక్కలైంది?' అంటే ఎనిమిది. ఏది అడుగుతున్నామో తేల్చుకోకుండా మైకు పట్టుకుంటే సారుకు కూడా చెమటలు పడతాయి.

మొదటి నవల పేరుతోనూ జాగ్రత్త. బ్రిటన్‌లోనూ మన దగ్గరా 'ఫిలాసఫర్స్ స్టోన్', అమెరికాలో 'సోర్సరర్స్ స్టోన్'. జవాబుల కాగితంలో రెండూ రాసిపెట్టుకోవాలి.

దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు: నార్నియా కథల్లో మొదటి పుస్తకం ఏది? షాపులో కొన్న సెట్టులో ఒకటి, నెట్‌లో ఇంకొకటి ఉంది.

జవాబు: ముందు అచ్చయింది 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్', 1950లో. కథాకాలం ప్రకారం ముందు జరిగేది 'ద మెజీషియన్స్ నెఫ్యూ'. అది 1955లో వచ్చింది, అచ్చయిన వరుసలో ఆరోది. ఇప్పటి సెట్లు చాలావాటిలో 1 అంకె దీని మీదే ఉంటుంది. చదవడానికైతే 1950 నాటి దానితోనే మొదలుపెట్టండి. మంచు కురిసే అడవి మధ్యలో ఒక వీధి దీపం వెలుగుతూ ఉంటుంది. అది అక్కడికి ఎట్లా వచ్చిందన్న గుట్టు 1955 పుస్తకంలో ఉంది. అదే ముందు చదివేస్తే దీపం ఒట్టి దీపమే.

మిర్యాలగూడ నుంచి: మా దోస్తు ఇంగ్లీషోళ్లు రాసిందే ఫాంటసీ అంటడు. మనవి ఉత్త పిల్లల కథలట. మీరేమంటరు?

జవాబు: బాలనాగమ్మ కథ ఆయనకు ఒకసారి గుర్తుచేయండి. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. వోల్డ్‌మార్ట్ ఏడింటితో పడ్డ పాటు మన ఫకీరు ఒక్క చిలుకతో కానిచ్చాడు! మాయకు ఒక హద్దు, ఆ హద్దును పట్టుకునే దారి, ఈ రెండూ ఉంటేనే మాయ కథ నిలబడుతుంది. ఆ సూత్రం మన జానపదులకు బాగా తెలుసు.

అయితే మీ దోస్తు మాటలోనూ కొంత పస ఉంది. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ భాషాశాస్త్ర పండితుడు. ముందు భాషలు కట్టాడు, ఆ భాషలు మాట్లాడే జనానికి చరిత్ర కట్టాడు. ఒకే లోకం, ఒకే పొడుగాటి కథ. (దాన్ని మూడు నవలలంటారు కానీ అది ఒకటే నవల, 1954, 55ల్లో మూడు సంపుటాలుగా అచ్చయింది.) మనవాళ్ల పనితనం వేరు, ఒక చట్రంలో వంద కథలు బిగిస్తారు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీకో కథ చెబుతూ తన వెంట వచ్చిన పశువుల కాపరిని కాశీకి నడిపిస్తాడు. ఒకటి మేడ, ఇంకోటి దండ. ఎత్తు కొలిచే బద్దతో దండను కొలిస్తే ఏం తేలుతుంది? మా మటుకు లోకం కట్టడంలో వాళ్లదే పైచేయి, కథను ఆపి ఊరించడంలో మనదే.

ఈ విషయం మీద క్విజ్ పెట్టేవాళ్లకో మాట: 'బేతాళ కథలు ఎన్ని?' అని విడిగా అడగొద్దు. సంస్కృత సంప్రదాయంలో 25. చందమామ పత్రికలో అదే చట్రంలో దశాబ్దాలపాటు కొత్త కథలు వచ్చాయి. రాజు పేరు కూడా అంతే, కథాసరిత్సాగరంలో ఆయన విక్రమార్కుడు కాదు, త్రివిక్రమసేనుడు.

నాగర్‌కర్నూల్ నుంచి యువజన సంఘం: వినాయక మండపం కాడ ఐదు టీములతో క్విజ్ పెడుతున్నం. పోయినేడు పాసులన్నీ ఒక్క టీముకే పోయినయని పంచాది అయింది. ఎట్ల చేయాలె?

జవాబు: పాస్, అంటే ఒక టీముకు జవాబు రాక పక్క టీముకు పోయే ప్రశ్న, ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతే, ఏమీ రాని టీము పక్కన కూర్చున్నవాళ్లకు పండగే. సగం ప్రశ్నలయ్యాక దిక్కు మార్చండి. నేరుగా చెబితే 10, పాస్‌లో చెబితే 5. మొదటి టీముకు 30 సెకన్లు, పాస్‌కు 10.

ఒక రౌండు మాత్రం పలకల మీద పెట్టండి. ఐదు పలకలు, ఐదు బలపాలు. ప్రశ్న రెండుసార్లు చదివి 20 సెకన్లు ఇచ్చి, గంట కొట్టగానే అందరూ ఒక్కసారే ఎత్తి చూపాలి. ఇందులో పాసూ లేదు, పక్క టీము గుసగుసలు వినేదీ లేదు. గంట మోగాక బలపం కదిలితే సున్నా అని ముందే చెప్పండి.

ప్రశ్నల సంఖ్య ఐదుతో భాగించబడాలి. టీముకు ఎనిమిది చొప్పున 40, సమానమైతే వాడడానికి ఐదు, ఏదైనా ప్రశ్న రద్దయితే పెట్టడానికి ఇంకో ఐదు. సమానమైనప్పుడు అంకె అడగడం మేలు: 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొత్తం ఎపిసోడ్లు ఎన్ని? జవాబు 73. ఎవరు దగ్గరగా రాస్తే వాళ్లదే గెలుపు.

అసలు పని వారం ముందే ఉంటుంది. పుస్తకం చదివినవాళ్లలో ఒకరికి, సినిమా మాత్రమే చూసినవాళ్లలో ఒకరికి ప్రశ్నల కాగితం ఇవ్వండి. ఇద్దరి జవాబులు వేరైన ప్రతి ప్రశ్నకూ 'నవలలో' అనో 'సినిమాలో' అనో చేర్చండి. 'మహాభారతంలో శశిరేఖ తండ్రి ఎవరు?' అన్న ప్రశ్న అట్లాగే దొరికిపోతుంది. వ్యాస భారతంలో శశిరేఖే లేదు, ఆమె మన జానపదుల బిడ్డ. 1957 నాటి 'మాయాబజార్'లో అని రాస్తే బలరాముడు అన్న జవాబు నిలుస్తుంది. ఇక 'అన్నిటికన్నా గొప్ప ఫాంటసీ ఏది?' లాంటివి క్విజ్‌లో పెట్టొద్దు. అది టీ కొట్టు దగ్గరి ముచ్చట, అక్కడే బాగుంటుంది.

సూర్యాపేట నుంచి: 'పిల్లలమర్రి ఏ జిల్లాలో ఉంది?' అంటే మా జిల్లా అని చెప్పిన. తప్పన్నరు.

జవాబు: తప్పు కాదు. వాళ్ల మనసులో ఉన్నది మహబూబ్‌నగర్ దగ్గరి మర్రిచెట్టు. మీరు చెప్పింది సూర్యాపేట పక్కన కాకతీయుల నాటి గుళ్లున్న ఊరు. 'నల్లగొండ' అన్నవాళ్లుంటే వాళ్లు 2016 అక్టోబర్ 11కు ముందు అచ్చయిన పుస్తకం చదివి ఉంటారు, సూర్యాపేట విడి జిల్లా అయింది ఆ రోజే. మీ 10 మార్కులు అడిగి తీసుకోండి.