చిల్కా వెళ్ళేలోగా నీ కాళ్ళ సంగతి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు నేవీకి అప్లై చేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సగం మాటలు ఏడుపులోనే పోయాయి. వెనకాల మీ నాన్న మాత్రం రాతపరీక్షన్నా కాకముందే "మా అమ్మాయి నేవీ అండీ" అని ఎవరికో చెప్పేసుకుంటున్నాడు. ఇద్దరినీ ఏమీ అనలేకపోయాను. నా మనసూ అలాగే ఉంది మరి.

మిలిటరీ నర్సింగ్ సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేవీ ఆసుపత్రుల్లో ఆడవాళ్ళంటే డాక్టర్లు, మాలాంటి నర్సింగ్ ఆఫీసర్లే. సెయిలర్‌గా, అంటే ఆఫీసరు కాని నావికురాలిగా, ఆడపిల్ల అన్న మాటే లేదు. 2022లో అగ్నిపథ్ అనే నాలుగేళ్ళ ఉద్యోగ పథకం వచ్చాక ఆడపిల్లల్నీ తీసుకోవడం మొదలుపెట్టారు. అందులో చేరినవాళ్ళనే అగ్నివీర్‌లంటారు. 2023 మార్చి 28న ఒడిశాలో చిల్కా నేవీ ట్రైనింగ్ సెంటర్లో మొదటి అగ్నివీర్ బ్యాచ్ పాసింగ్ అవుట్ పరేడ్, అంటే ట్రైనింగ్ ముగింపు కవాతు, జరిగింది, అదీ పొద్దుగూకాక దీపాల వెలుగులో. అందులో ఆడపిల్లలు కూడా మగపిల్లలతో సమానంగా అడుగు కలిపి నడిచారు. ఆ వరసలో నువ్వు నిలబడతావంటే నాకెంత గర్వమో కాగితం మీద పెట్టడం నావల్ల కాదు. అందుకే పనికొచ్చే మాటలు రాస్తున్నాను.

రాతపరీక్ష గురించి నేను చెప్పేదేమీ లేదు. గంటలో వంద ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. ఇంటర్ లెక్కలు, ఫిజిక్సు నీకు కొట్టినపిండి. టెన్త్ మెమో, ఆధార్, ఇంటర్ మెమో మూడింట్లోనూ పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయేమో ఇప్పుడే చూసుకో. డబ్బిస్తే పోస్టు ఇప్పిస్తామని ఎవడన్నా మీ నాన్న దగ్గరికొస్తే గుమ్మం తొక్కనివ్వకండి. పళ్ళ డాక్టరుకి ఒకసారి చూపించుకో. మెడికల్‌లో డెంటల్ పాయింట్లు (బాగున్న పళ్ళకి వేసే లెక్క) 14 ఉండాలి, పుచ్చులుంటే ముందే పూడ్పించు. చెవిలో గులిమి ఈఎన్‌టీ డాక్టరు చేత తీయించుకో, పిన్నీసు పెట్టి గెలికావంటే మాత్రం ఊరుకోను. పచ్చబొట్లు వద్దు.

ఇక పరుగు. ఆడపిల్లలకి 1.6 కిలోమీటర్లు 8 నిమిషాల్లో, ఆపైన 15 గుంజీలు, 10 పుషప్స్, 10 సిటప్స్. నాలుగువందల మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అంటే రౌండుకి రెండు నిమిషాలు. ఇక్కడ రౌండు 1:50కి అలవాటు చేసుకుంటే అక్కడ కంగారున్నా, ఉక్కపోత ఉన్నా గట్టెక్కుతావు. పిల్లలు తప్పేది నాలుగో రౌండులో అనుకుంటారు గానీ, నిజానికి తప్పేది మొదటి రౌండులోనే. పక్కవాళ్ళు దూసుకుపోతుంటే వీళ్ళూ 1:30లో కొట్టేస్తారు, మూడో రౌండుకి ఊపిరి అందదు. వాచీ చూసుకుని మొదటి రౌండు వేగం అదుపులో పెట్టుకుని పరిగెత్తు.

అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది కాళ్ళ గురించి. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా గౌను కిందికి లాక్కుని "ఏం లేదు పెద్దమ్మా" అనేదానివి. ఆ బుద్ధి నీలో ఇంకా ఉంది. అదే నా భయం.

ట్రైనింగ్ సెంటర్లలో బ్యాచ్ తర్వాత బ్యాచ్, ఏళ్ళ తరబడి, పిల్లలు చేస్తూ వస్తున్న తప్పు ఒకటే: నొప్పి దాచడం. ఇంటి దగ్గర రోజుకో కిలోమీటరు కూడా నడవని పిల్ల, చేరిన మర్నాటి నుంచే తెల్లవారుజామున పీటీ, తర్వాత గంటల కొద్దీ డ్రిల్, ఎక్కడికెళ్ళినా డబుల్ మార్చ్, అంటే వరసలో పరుగే. ఎముకకి ఇదంతా కొత్త. ఎముక మీద భారం పెరిగినప్పుడు ఒళ్ళు ముందు పాత ఎముకని కొంచెం కొంచెం కరిగించి, ఆ తర్వాత గట్టి ఎముక పోస్తుంది. కరగడం త్వరగా అవుతుంది, పోయడానికి నెలలు పడుతుంది. అందుకే మొదటి వారం బాగానే ఉన్న పిల్లలు మూడో వారం, నాలుగో వారం వచ్చేసరికి కుంటడం మొదలుపెడతారు. ఎముక అప్పుడే బాగా బలహీనంగా ఉంటుంది. అప్పుడు ఆపకపోతే సన్నగా వెంట్రుకవాసి బీట పడుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మగపిల్లలకంటే ఆడపిల్లలకి ఇది ఎక్కువ.

ఎందుకు దాస్తారంటే, సిక్ రిపోర్ట్ చేస్తే, అంటే ఒంట్లో బాలేదని డాక్టరు దగ్గరికి వెళ్తే, పేరు చెడుతుందనీ, రెలిగేట్ చేసి వెనక బ్యాచ్‌లో వేస్తారనీ, ఊళ్ళో తలెత్తుకోలేమనీ. బ్యాగులో తెచ్చుకున్న డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఒకటి వేసుకుని పరేడ్‌కి వెళ్ళిపోతారు. మాత్ర నొప్పిని తెలియనివ్వదు గానీ బీటని పూడ్చదు. వాళ్ళు దాని మీదే గెంతుతారు. రెండు వారాల విశ్రాంతితో పోయేది రెండు నెలలు మంచాన పడేస్తుంది. ఏ రెలిగేషన్‌కి భయపడి దాచారో అదే నెత్తిన పడుతుంది.

నొప్పుల్లో తేడా ఎలా తెలుస్తుందో చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచున జానెడు పొడుగునా లాగినట్టుంటే, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంటే, అది కండరం, ఎముక పొర ఇబ్బంది. రెండు మూడు రోజులు పరుగు ఆపి, ఐసు పెట్టి, డాక్టరుకి చెప్తే చాలు. అలాకాకుండా ఒక్క వేలు ఆనించి "ఇదిగో ఇక్కడ" అని చూపించగలిగితే, అక్కడ నొక్కితే ప్రాణం జివ్వుమంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, అది ఎముకే. అడుగు ముందుకేయకుండా సిక్ రిపోర్ట్ చెయ్యి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉందన్నారు" అని మళ్ళీ పరుగుకి పోకు. నొప్పి అలాగే ఉంటే మళ్ళీ వెళ్ళి చెప్పు, ఎంఆర్‌ఐలో తేలుతుంది. చిల్కాలోనే నేవీ ఆసుపత్రి ఉంది, ఐఎన్‌హెచ్‌ఎస్ నివారిణి. అక్కడున్నవాళ్ళు మీకోసమే ఉన్నారు.

ఇంకొకటి. గజ్జల్లో, తొడ మొదట్లో లోపలెక్కడో నొప్పి వస్తే, అది ఎంత చిన్నదైనా సరే, ఆ పూటే చెప్పాలి. తొడ ఎముక మెడ దగ్గర బీట పడితే అది పక్కకి జరిగిపోవచ్చు. ఆపరేషన్ దాకా వెళ్తుంది, కొందరికి జన్మంతా కుంటు మిగులుతుంది. పదిరోజుల పరేడ్ కోసం కాలు పోగొట్టుకున్నదాన్ని ఎవరూ శూరురాలనరు తల్లీ. కోపంగా రాస్తున్నానని అనుకోకు. నువ్వు నొప్పితో ఒంటరిగా పళ్ళు బిగబట్టుకుని ఉంటావేమోనన్న ఊహే నాకు కష్టంగా ఉంది.

ఇదంతా రాకుండా ఉండాలంటే పని ఇప్పుడే మొదలవ్వాలి. మూడు నెలల ముందు నుంచి ఎముకని అలవాటు చెయ్యి. మొదటి రెండు వారాలు రోజూ అరగంట వేగంగా నడక. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులే. ఆపైన వారం వారం దూరం పదో వంతుకంటే ఎక్కువ పెంచకు. మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించు. పోటీకొచ్చి ఎవత్తో ఐదు కిలోమీటర్లు కొట్టిందని నువ్వూ కొట్టకు. సిమెంటు రోడ్డు మీద వద్దు, బీఆర్ స్టేడియంకో ఎన్‌టీఆర్ స్టేడియంకో పోయి మట్టి ఉన్నచోట పరిగెత్తు. ఎండాకాలం గుంటూరు సంగతి నీకు చెప్పాలా, ఐదున్నరకల్లా మొదలుపెట్టి ఏడులోపు ఇంటికొచ్చెయ్. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి.

తిండి మానకు. బరువు తగ్గాలని పొద్దున టీతో సరిపెట్టి పరిగెత్తే పిల్లలకే ఎముకలు ముందు పోతాయి. రాగిజావ, పెరుగు, గుడ్లు, మునగాకు పప్పు, నువ్వుల ఉండలు రోజూ ఉండాలి. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకో, ఐరన్ బాగా పడుతుంది. అన్నం తిన్న గంట దాకా టీ ముట్టకు. నెలసరి రెండు నెలలు తప్పితే "హమ్మయ్య, ట్రైనింగ్‌కి అడ్డు లేదు" అనుకోకు. తిండి చాలడం లేదనీ, ఎముక బలహీనపడుతోందనీ ఒళ్ళు చెప్తున్న మాట అది. ఈ మాట మీ నాన్న చెప్పడు, మీ అమ్మ సిగ్గుపడుతుంది, నేను చెప్తున్నాను.

ఈత కూడా నేర్చుకో. రాకపోయినా అక్కడ నేర్పుతారు, కానీ నీళ్ళంటే బెరుకు ముందే పోగొట్టుకుంటే మంచిది. స్విమ్మింగ్ పూల్‌కే వెళ్ళు, కోచ్ ఉండగానే దిగు. స్నేహితురాళ్ళతో కలిసి కృష్ణలో దిగావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి అప్లికేషన్ చింపేస్తాను. పైకి నిలకడగా కనిపిస్తుంది గానీ అడుగున ఇసుక గుంటలుంటాయి.

డబ్బు సంగతి మీ నాన్నతో మాట్లాడు, బంధువులు తలోమాట చెప్తారు. నాలుగేళ్ళే ఉద్యోగం. మొదటి ఏడు నెలకి 30,000, అందులో 30 శాతం సేవానిధికి (నాలుగేళ్ళయ్యాక ఒకేసారి ఇచ్చే నిధి) పోగా చేతికి 21,000. ప్రభుత్వం కూడా అంతే కలుపుతుంది, నాలుగేళ్ళకి వడ్డీ కాక పది లక్షల పైచిలుకు. పెన్షన్ లేదు. నూటికి ఇరవై ఐదు మంది దాకానే ఆపైన కొనసాగుతారు. ఇది తెలిసే వెళ్ళు. మిగతా డెబ్భై ఐదు మందిలో పడినా నామోషీ ఏమీ కాదు. ఆ నాలుగేళ్ళలో దూరవిద్యలో డిగ్రీ మొదలుపెట్టు. "ఆడపిల్లని ఓడ ఎక్కిస్తారా" అనే వాళ్ళకి జవాబు నేను చెప్పుకుంటాను, నువ్వు నోరు నొప్పి పుట్టించుకోకు.

రేపు పొద్దున పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చిరా. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి మూడూ రాయించు. రిపోర్టు వచ్చిన రోజే ఫొటో తీసి నాకు పంపు. హిమోగ్లోబిన్ 12కి తక్కువున్నా, విటమిన్ డి 20 దాటకపోయినా పరుగు మొదలుపెట్టకు. ముందు మా ఇంటికి రా, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం. వచ్చేటప్పుడు నువ్వు కొన్న బూట్లు కూడా పట్రా, చూస్తాను.

మీ పెద్దమ్మ